చూలాలి కంచం, బాలింత పత్యం

పల్నాట మిరపకాయకు ధర కట్టేది ముందు రంగు చూసే. మాచవరం, పిడుగురాళ్ల, దాచేపల్లి చేలల్లో కోసిన పండుకాయ కల్లంలో ఎండి, టిక్కీల్లోకెక్కి, గుంటూరు యార్డుకు చేరాక ఎర్రగా నిగనిగలాడే సరుకుకు ఒక రేటు పలుకుతుంది. తెల్లబారిన తాలుకాయను ఆ రేటుకు ఎవరూ అడగరు. ఆ ఎరుపు కెరొటినాయిడ్లనే పదార్థాలది. మిరపలో వాటిలో ముఖ్యమైనది క్యాప్సాంథిన్. దాని చుట్టాలే తోటకూర, మునగాకు, బొప్పాయి పండు, గుమ్మడి, క్యారట్లలో ఉండే బీటా కెరొటిన్, ల్యూటిన్ వంటివి. వ్యాపారి క్వింటాళ్ళ లెక్కన వెలకట్టే ఈ రంగుల్లో కొన్ని తల్లి రక్తం ద్వారా కడుపులోని బిడ్డకు, ఆ తరవాత పాల ద్వారా చంటిబిడ్డకు చేరతాయి. అవి ఆ బిడ్డకు ఎంతవరకు ఉపయోగం, మన ఇళ్ళలో సరిగ్గా ఏ నెలల్లో అవి కంచంలోంచి తప్పుకుంటున్నాయి అన్నది పరిశీలించదగ్గ విషయం.

మిరపతో మొదలుపెట్టడానికి మరో కారణమూ ఉంది. మొక్కల్లోని పోషకాల గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో కొంత మిరప జాతి కాయ నుంచే బయటపడింది. హంగరీ దేశపు శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ 1930ల తొలినాళ్ళలో తాను పనిచేస్తున్న సెగెడ్ పట్టణం చుట్టుపక్కల విరివిగా పండే పాప్రికా మిరప నుంచి విటమిన్ సి ని కిలోల లెక్కన తీయగలిగాడు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు ఏడాది ముందు, మిరపలోనూ నిమ్మలోనూ విటమిన్ సి కాక ఇంకేదో మేలుచేసే పదార్థం ఉందని ఆయన, ఆయన సహచరులు గుర్తించి దానికి విటమిన్ పి అని పేరుపెట్టారు. ఆ పేరు నిలవలేదు. ఎందుకంటే విటమిన్ అనిపించుకోవాలంటే అది లోపించినప్పుడు ఫలానా జబ్బు రావాలి. ఈ పదార్థాలు తిననంత మాత్రాన అలాంటి జబ్బేదీ కనబడలేదు. అవే ఇప్పుడు ఫ్లేవనాయిడ్లు.

కాబట్టి కాయగూరల్లోని పోషకాలను రెండు తరగతులుగా చూడాలి. ఫోలేట్, విటమిన్ సి, విటమిన్ ఎ గా మారే బీటా కెరొటిన్, ఇనుము వంటివి లేకపోతే గర్భం సవ్యంగా సాగదు. వీటికి రోజుకు ఇంత కావాలన్న లెక్క ఉంది. ల్యూటిన్, లైకోపీన్, ఫ్లేవనాయిడ్లు, గోంగూర కాడకు ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు రెండో తరగతి. వీటికి లెక్క లేదు. మేలు చేస్తాయనడానికి ఆధారాలున్నాయి గాని, అన్నీ సమాన బలం ఉన్నవి కావు. ఈ తేడా చెప్పకుండా ‘ఆకుకూరలు తినమ్మా, బలం’ అని ఊరుకోవడం వల్లే సగం గందరగోళం.

మొదటి తరగతిలో అన్నిటికన్నా ముందు పట్టించుకోవలసింది ఫోలేట్. దాని చరిత్రలో మన తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో సంగ్రహణితో పోయారు. ఆ జబ్బు వదలని పేగులకు ఫోలేట్ సరిగా ఒంటబట్టదని, రక్తం పలచబడుతుందని ఆనాడు ఎవరికీ తెలియదు. 1930కి కాస్త అటూ ఇటూగా బొంబాయి మిల్లు కూలీల్లో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారం పెడితే వాళ్ళు కోలుకుంటున్నారని గమనించింది. అందులో పనిచేసిన పదార్థాన్ని 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి వేరుచేశారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వాన పనిచేసిన బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఈవేళ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణి చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. అది ఆ పని ఫలితమే.

ఇక్కడో చిక్కుంది. బిడ్డ మెదడు, వెన్నుపాముగా ఎదిగే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుపోతుంది. నెల తప్పిందని గమనించేసరికే ఆ పని దాదాపు పూర్తయి ఉంటుంది. ఆశా కార్యకర్త పేరు రాసుకుని, ఏఎన్ఎం కార్డిచ్చి, మాత్ర చేతికొచ్చేసరికి రెండో నెలో మూడో నెలో. గతంలో నాళ లోపంతో బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. ఆ తొలి నాలుగు వారాలకూ ఇంటి తిండిలో ఫోలేట్ దొరికేది ఆకుకూరల్లోనూ, శనగలు, పెసలు, కంది వంటి అపరాల్లోనూ. అందుకని వైద్యుల సలహాతో ఫోలిక్ ఆమ్లం మాత్ర, ఇంట్లో పాలకూర పప్పు, రెండూ పెళ్ళయిన అమ్మాయి పిల్లల్ని కనాలనుకున్న నాటినుంచే మొదలవాలి.

ముందుగా మొదలుపెట్టడమన్న మాటకు మన దేశంలోనే మంచి ఆధారం ఉంది. పుణె దగ్గరి ఆరు పల్లెల్లో 1990లలో గర్భిణులు ఏం తింటున్నారో, పుట్టిన బిడ్డ ఎంత తూగిందో కొలిచి చూశారు. ఎంత అన్నం తిన్నారు, ఎంత మాంసకృత్తులు తిన్నారు అన్నదానికీ బిడ్డ బరువుకూ పెద్దగా పొంతన కుదరలేదు. కుదిరినవి ఆకుకూరలు, పండ్లు, పాలు. ఆ సంబంధం బాగా బక్కపలచని తల్లుల్లో మరింత గట్టిగా కనబడింది. అయితే ఇలాంటి పరిశీలన దేనివల్ల ఏది జరిగిందో నిరూపించలేదు. ఆకుకూరలు తినే ఇంట్లో ఇంకేవో అనుకూలతలు ఉండవచ్చు. అందుకే ముంబయి మురికివాడల్లో 6,513 మంది స్త్రీలతో అసలు పరీక్షే పెట్టారు. ఒక జట్టుకు ఆకుకూర, పండ్లు, పాలు కలిపి చేసిన సమోసాలాంటి చిరుతిండి; రెండో జట్టుకు బంగాళాదుంప, ఉల్లిపాయ వంటివాటితో చేసినది. గర్భానికి ముందునుంచే రోజూ పెట్టారు. 2014లో వెలువడిన ఫలితం ఆశపడ్డవాళ్ళను కొంత నిరాశపరిచేదే: మొత్తం మీద బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాని గర్భానికి కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టినవాళ్ళ బిడ్డలు సగటున 48 గ్రాములు ఎక్కువ తూగారు. పుణెలో కనబడినదానికి విరుద్ధంగా, ఈ లాభం మరీ బక్కచిక్కిన తల్లులకు అందలేదు. గర్భకాలపు మధుమేహం మాత్రం ఆకుకూర జట్టులో 7.3 శాతం, రెండో జట్టులో 12.4 శాతం. నా దృష్టిలో బరువు లెక్క కన్నా ఇది విలువైన ఫలితం.

ఇక రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో 53.7 శాతం మంది రక్తహీనులు. ఇక్కడ ఆకుకూర మీద మనకున్న నమ్మకం కొంచెం అతి. గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాముల ఇనుము కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల తోటకూరలో ఇనుము అయిదు మిల్లీగ్రాములు కూడా లేదు. పాలకూరలో సుమారు మూడు. ఆకుల్లోని ఆక్సలేట్లు, గింజల్లోని ఫైటేట్లు, భోజనం కాగానే తాగే టీలోని టానిన్లు ఉన్న కాస్త ఇనుమును పట్టి ఉంచి పేగుకు అందనివ్వవు. గోంగూర తింటున్నాను కదా అని ఎర్ర మాత్ర గూట్లో దాచిపెట్టే గర్భిణికి గోంగూర న్యాయం చేయలేదు.

అయినా కాయగూరలకు ఇందులో వేరే పాత్ర ఉంది. ఇనుము తేవడం వాటికి అంతగా చేతగాకపోయినా, ఉన్న ఇనుము ఒంటబట్టేలా చేయడం చేతనవును. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కౌమార దశలోని పిల్లలకు అన్నం భోజనంతోపాటు జామకాయ పెట్టి చూసి, ఆ భోజనంలోని ఇనుము దాదాపు రెట్టింపు ఒంటబడుతోందని 2013లో ప్రకటించారు. జామలో వంద గ్రాములకు 200 మిల్లీగ్రాముల పైచిలుకు విటమిన్ సి ఉంటుంది. గర్భిణికి రోజుకు కావలసింది 80. అంటే అరకాయ చాలు. అయితే అది సాయంత్రం చిరుతిండిగా కాక, అన్నంతోపాటే లేదా అన్నం అవుతూనే తినాలి. ఉసిరి, నిమ్మ, పచ్చిమిర్చి కూడా ఈ పని చేస్తాయి. ఎండుమిర్చి చేయదు, ఎండలో రంగు మిగిలినంతగా విటమిన్ సి మిగలదు. మిరపకోతల రోజుల్లో పొద్దున్నే చద్దో రొట్టో మూటగట్టుకుని చేలోకి పోయే కూలి తల్లికి, ఆ మూటలో ఒక జామకాయ వేసుకోమని చెప్పడం ఆచరణలో సాధ్యమయ్యే సలహా. టీ మాత్రం తిండికి గంట ముందో, గంటన్నర తరవాతో.

పల్నాడుకు ప్రత్యేకించి చెప్పవలసింది మరొకటి ఉంది: ఫ్లోరైడు. వినుకొండ, బొల్లాపల్లి వైపు మెట్ట పల్లెల్లో బోరునీటితో వచ్చే ఈ బాధ ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. ఫ్లోరైడు పేగు లోపలి పొరను దెబ్బతీసి పోషకాలు ఒంటబట్టకుండా చేస్తుందని, గర్భిణి ఎన్ని మాత్రలు మింగినా రక్తం పెరగకపోవడానికి అదొక కారణం కావచ్చని ఢిల్లీలో ఎ.కె. సుశీల బృందం వాదించింది. మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న రక్తహీన గర్భిణులకు నీటి మూలం మార్పించి, పాలు, కూరలు, పండ్లు పెంచమని చెప్పి వెంటబడితే హిమోగ్లోబిన్ పెరిగిందని, తక్కువ బరువు కాన్పులు తగ్గాయని ఆ బృందం 2010లో ప్రకటించింది. మాచవరం మండలానికి ఒక పక్కన పులిచింతల జలాశయంలో కృష్ణా నీరుంది. అయినా తాగేది ఏ నీరో గర్భిణిని అడిగి తెలుసుకోవడం, ఏం తింటున్నావని అడగడమంత అవసరం.

వంటింట్లో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. తోటకూర కట్ట విప్పి, వేళ్ళు కోసేసి, సన్నగా తరిగి, ఆ తరిగిన ఆకును గిన్నెడు నీళ్ళలో రెండుసార్లు కడిగి పిండితే, నీళ్ళు ఆకుపచ్చగా దిగుతాయి. ఆ నీళ్ళతో పోయేవి నీటిలో కరిగే విటమిన్ సి, ఫోలేట్. ముందు కడిగి తరవాత తరిగితే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. ఉడికించి నీళ్ళు వార్చేస్తే మళ్ళీ అవే పోతాయి. పప్పులో వేసి ఉడికిస్తే ఆ నీరు పప్పులోనే ఉంటుంది. కెరొటినాయిడ్ల తీరు వేరు. అవి నీటిలో కరగవు, నూనెలోనే కరుగుతాయి. ఆకు కణాల గోడల మధ్య చిక్కుకుని ఉంటాయి గనక మెత్తగా ఉడికితేనే బయటికొస్తాయి, పక్కన కొవ్వు ఉంటేనే పేగులోకి పోతాయి. పోపుకు వేసే ఆ రెండు చెంచాల నూనె వృథా కాదన్నమాట. చుక్కకూరో చింతపండో వేసి పులుపు తగిలిస్తే ఇనుముకూ కొంత వీలు. ఆకుకూర పప్పు, పైన తాలింపు, కంచం పక్కన నిమ్మబద్ద అనే పాత పద్ధతి ఒక్కో పోషకం అవసరాన్నీ విడివిడిగా కనిపెట్టి అమర్చినట్టే ఉంది. దీన్ని పాడుచేసేది వంటసోడా. ఆకు పచ్చగా కనబడాలని చిటికెడు వేస్తే ఆ పచ్చదనానికి మూల్యం విటమిన్ సి.

తల్లి తిన్నది బిడ్డకు పోషకంగానే కాదు, రుచిగానూ చేరుతుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జూలీ మెన్నెల్లా బృందం 2001లో ప్రకటించిన అధ్యయనంలో, ఆఖరి నెలల్లోనో పాలిచ్చేటప్పుడో క్యారట్ రసం తాగిన తల్లుల పిల్లలు, మొదటిసారి క్యారట్ కలిపిన జావ పెట్టినప్పుడు మొహం చిట్లించడం తక్కువగా కనబడింది. ఉమ్మనీటిని మింగుతూ, తరవాత పాలు తాగుతూ బిడ్డ ఆ వాసనకు అలవాటు పడింది. అంతకు పదేళ్ళ ముందు అదే బృందం వెల్లుల్లితో పరీక్ష చేసింది. తల్లి వెల్లుల్లి తిన్న రెండు గంటలకు పాలలో ఆ వాసన బాగా తెలిసింది, పిల్లలు రొమ్మును ఎక్కువసేపు పట్టుకున్నారు. పచ్చి బాలింతకు వేడన్నంలో వెల్లుల్లి కారం కలిపి పెట్టే మన ముసలమ్మలు ఈ మాట వింటే, ఇందుకు పరీక్ష కావాలా అని నవ్వుకుంటారేమో.

ఆ ముసలమ్మలే అదే పత్యంలో కూరగాయల్నీ పండ్లనూ నిషేధిస్తారన్నది అసలు ఇబ్బంది. వంకాయ దురద, గుమ్మడి వాతం, ఆకుకూర తింటే పిల్లకు విరేచనాలు, పండు తింటే తల్లికి చలవ చేసి బిడ్డకు జలుబు. ఇంటింటికీ నిషేధాల జాబితా మారుతుంది గాని, మిగిలేది దాదాపు ఒకటే: అన్నం, కారప్పొడి, పాత చింతకాయ పచ్చడి, మహా అయితే బీరకాయ. ఇరవయ్యొక్క రోజులని మొదలై కొన్ని ఇళ్ళలో మూడో నెల దాకా సాగుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే తల్లికి విటమిన్ సి అవసరం రోజుకు 115 మిల్లీగ్రాములకు, విటమిన్ ఎ అవసరం 950 మైక్రోగ్రాములకు పెరుగుతుంది. జీవితం మొత్తంలో స్త్రీకి వీటి అవసరం ఇంతకు మించి ఎప్పుడూ ఉండదు.

ముర్రుపాలు పసుపుపచ్చగా ఉండడానికి ముఖ్య కారణం కెరొటినాయిడ్లే. గర్భకాలంలో తల్లి ఒంట్లో చేరినవాటిని ఆ తొలి రెండు మూడు రోజుల్లో పాలు దండిగా తీసుకుపోతాయి. తరవాత పాలు తెల్లబడతాయి. బీటా కెరొటిన్ తగ్గి, ల్యూటిన్ వాటా పెరుగుతుంది. కంటి రెటీనా నడిమి భాగంలోనూ, పసిపిల్లల మెదడులోనూ పోగయ్యే కెరొటినాయిడ్ ఇదే. శరీరం దీన్ని తయారుచేసుకోలేదు. తల్లి తిన్న ఆకు నుంచే రావాలి. పాలలోని పోషకాలన్నీ ఒకే తీరుగా ఉండవు. ఇనుము, కాల్షియం, ఫోలేట్ తల్లి తిన్నా తినకపోయినా పాలలో దాదాపు ఒకే మోతాదులో ఉంటాయి; తక్కువైతే నష్టం తల్లికి. కెరొటినాయిడ్లు, విటమిన్ ఎ, విటమిన్ సి మాత్రం తల్లి కంచాన్ని బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. కారం మెతుకుల పత్యం బిడ్డకు నేరుగా తగిలేది ఇక్కడ.

ఆకుకూర పెడితే విటమిన్ ఎ కొరత తీరిపోతుందా అంటే, దీని మీద శాస్త్రం ఒక్కమాటగా లేదు. ఇండొనేషియాలోని పశ్చిమ జావాలో పాలిచ్చే తల్లులకు పన్నెండు వారాలు ఆకుకూరలు పెట్టినా రక్తంలో విటమిన్ ఎ పెరగలేదని 1995లో వచ్చిన ఫలితం పోషకాహార నిపుణులను ఉలిక్కిపడేలా చేసింది. అప్పటిదాకా ఆరు వంతుల బీటా కెరొటిన్ ఒక వంతు విటమిన్ ఎ అవుతుందనుకునేవాళ్ళు. ఆ తరవాత అమెరికా నిపుణులు పన్నెండుకు ఒకటిగా సవరించారు. మరోవైపు నేపాల్‌లో రేచీకటి పట్టిన గర్భిణులకు ఆరు వారాలు రోజూ తోటకూర జాతి ఆకు గాని, క్యారట్ గాని, మేక కాలేయం గాని పెట్టి చూస్తే అన్ని జట్లలోనూ చూపు మెరుగుపడింది. కాలేయం తిన్నవాళ్ళ రక్తంలో విటమిన్ ఎ ఎక్కువ పెరిగింది. 2005లో వచ్చిన ఫలితమిది. రెండూ కలిపి చదివితే నాకర్థమయ్యేది: ఆకు పనిచేస్తుంది గాని నిదానంగా, నూనె తోడుంటేనే, రోజూ తింటేనే. మోతాదు మించిన విటమిన్ ఎ మాత్రలు తొలి నెలల్లో బిడ్డకు అవకరాలు తెస్తాయి. ఆకులోని బీటా కెరొటిన్‌తో ఆ భయం లేదు. శరీరం తనకు కావలసినంతే మార్చుకుంటుంది.

జాగ్రత్తల మాటకొస్తే బొప్పాయి గురించి చెప్పక తప్పదు. పచ్చికాయలోని పాలు గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తాయని ఎలుకల మీద 2002లో జరిపిన పరీక్షల్లో తేలింది. అదే పరీక్షల్లో బాగా పండిన పండుతో ఏ హానీ కనబడలేదు. కాబట్టి పెద్దల భయం పచ్చికాయ విషయంలో నిజమే, పండు విషయంలో కాదు. దీనికన్నా నన్ను కలవరపెట్టేది పొడులూ క్యాప్సూళ్ళూ. ఫ్లేవనాయిడ్లు కూడా చేరే పాలీఫినాళ్ళనే పదార్థాలు దట్టంగా ఉన్న గ్రీన్ టీ, చాక్లెట్ వంటివి ఏడో నెల దాటాక ఎక్కువగా తీసుకుంటే, గర్భస్థ శిశువు గుండె దగ్గరి ఒక రక్తనాళం పుట్టుకకు ముందే కుంచించుకుపోవచ్చని బ్రెజిల్ వైద్యులు హెచ్చరించారు. దీని మీద వాదాలు నడుస్తున్నాయి. కాయలో, ఆకులో ఉన్నంత మోతాదు వేరు, దాన్ని వందరెట్లు చిక్కబరిచి సీసాలో అమ్మేది వేరు.

ఎంత తినాలి? రోజుకు నాలుగు వందల గ్రాముల కూరగాయలు, వంద గ్రాముల పండ్లు అని 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మిరప, పత్తి మాత్రమే వేసే ఊళ్ళో కూరగాయలు బండి మీద రావాలి, కొనుక్కోవాలి. ఒకప్పుడు చేల గట్ల మీద గంగపాయల కూర, పొన్నగంటి కూర, చెంచలి కూర కలుపు తీసే ఆడవాళ్ళ ఒడిలో పడి ఇంటికొచ్చేవి. ఇప్పుడు మిరపచేలో ఎన్నిసార్లు మందు కొడతారో ఆ కూలి తల్లులకే బాగా తెలుసు. ఆ గట్ల మీది ఆకు కోసుకు తినమని సలహా ఇవ్వలేం. కలుపుమందులతో ఆ మొక్కలూ పలచబడ్డాయి.

మిగిలేది దొడ్డి. స్నానాల నీళ్ళు పోయే చోట ఒక బచ్చలి తీగ, గోడవార ఒక మునగ. పట్టికల ప్రకారం వంద గ్రాముల మునగాకులో బీటా కెరొటిన్ 17 మిల్లీగ్రాములకు పైనే, విటమిన్ సి వంద దాటి ఉంటాయి. తెలుగువాళ్ళు తినే ఆకుల్లో దీనికి సాటివచ్చేవి తక్కువ. అయినా ఇది ఆషాఢంలో ఒకటి రెండుసార్లు మొక్కుబడిగా తిని మరిచిపోయే కూర. అంగన్‌వాడీల పెరట్లో పోషణ వాటికల పేరుతో ఇలాంటి మొక్కలే వేయిస్తున్నారు. ఆ మొక్క గర్భిణి ఇంటికి చేరాలంటే చెప్పాల్సింది గర్భిణికి కాదు. కంచంలో ఏది పడాలో నిర్ణయించేది కాన్పుకు ముందు అత్తగారు, పుట్టింటికి వెళ్ళాక అమ్మ, పత్యం సంగతికొస్తే ఇద్దరికీ పైన నాయనమ్మ. ఏఎన్ఎం గాని అంగన్‌వాడీ టీచరు గాని ఎనిమిదో నెలలో ఒకసారి ఆ పెద్దావిడతో కూర్చుని, వెల్లుల్లి కారం మానొద్దని ముందు చెప్పి, దానికి పక్కన పెసరపప్పుతో ఉడికించిన మునగాకు గుప్పెడు, అన్నం తరవాత బాగా మగ్గిన జామకాయ సగం చేర్చమని అడిగితే, ఆమె కాదనడానికి పెద్దగా కారణం ఉండదు.